డీజిల్ బండిలో పట్టేసిన టర్బో యాక్చువేటర్‌ను విడిపించడం ఎలా

శ్రీశైలం ఘాటో, అరకు ఘాటో ఎక్కుతుంటే మధ్యలో బండి ఒక్కసారిగా లాగడం మానేస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ మూలుగుతుందే తప్ప వేగం రాదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పక్కకు ఆపి, తాళం తీసి, రెండు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరిగెడుతుంది. ఇంకో ఎత్తు రాగానే మళ్లీ అదే వరస. ఇది విన్న గ్యారేజీ తరచుగా చెప్పే మాట ఒకటే: "టర్బో పోయిందండీ, మార్చాల్సిందే." టర్బో మార్చడమంటే పదుల వేల రూపాయలు. అంత ఖర్చుకు ఒప్పుకునే ముందు, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే ఆ టర్బోను అదుపు చేసే చిన్న లివరు తుప్పుతోనో మసితోనో పట్టేసిందేమో చూడండి. అదే అయితే ఒక స్ప్రే డబ్బా, నాలుగు పానాలు, ఒక రాత్రి ఓపిక చాలు.

అయితే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకునే ముందే, ఎక్కడ పట్టేసిందో తేల్చుకోండి. పట్టేసే చోట్లు మూడున్నాయి. టర్బో బయట లివరు తిరిగే పిన్ను, టర్బో లోపల మసి పట్టిన రెక్కలు, లివరుకు తగిలించిన రాడ్‌ను లాగే యాక్చువేటర్ డబ్బా. మూడింటికీ మందు వేరు. కనిపించిన చోటల్లా స్ప్రే కొట్టి "పని చేయలేదు" అనుకునేవాళ్లలో చాలామంది తప్పు చోట కొట్టినవాళ్లే.

మీ బండిలో ఉన్నది ఏ రకం?

ఇక్కడ నేను ప్రధానంగా చెప్పేది వ్యాక్యూమ్‌తో (గాలిని పీల్చే బలంతో) నడిచే వీజీటీ టర్బో గురించి, అంటే లోపలి రెక్కలు కదిలి పొగ దారిని మార్చే రకం. పాత మహీంద్రా స్కార్పియోలో 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజిన్‌తో వచ్చింది ఈ రకమే. మారుతి ఎస్ఎక్స్4, ఎర్టిగాల్లో వచ్చిన 90 హార్స్‌పవర్ 1.3 డీజిల్‌లోనూ వీజీటీయే ఉంటుంది. స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన 75 హార్స్‌పవర్ 1.3 మాత్రం వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను పక్కకు వదిలే చిన్న తలుపు) ఉన్న మామూలు టర్బో. 3.0 లీటర్ల ఫార్చ్యూనర్‌లోనూ, 2018 నుంచి వచ్చిన ఎక్స్‌యూవీ500లోనూ రెక్కలను కదిపేది ఎలక్ట్రిక్ మోటారు. వేస్ట్‌గేట్, ఎలక్ట్రిక్ రకాల సంగతి చివర్లో విడిగా చెబుతాను, ఎందుకంటే ఎలక్ట్రిక్ దాని మీద వ్యాక్యూమ్ పద్ధతి ప్రయోగిస్తే గేర్లు విరుగుతాయి.

వీజీటీ లోపల టర్బైన్ చక్రం చుట్టూ చిన్న రెక్కలు ఒక వలయంలా ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరకు మూసుకుని దారిని ఇరుకు చేస్తాయి, కాబట్టి కొద్దిపాటి పొగ కూడా చక్రాన్ని జోరుగా తిప్పుతుంది. ఆర్‌పీఎం పెరిగాక తెరుచుకుని పొగకు దారి ఇస్తాయి. రెక్కలన్నిటినీ ఒకేసారి తిప్పేది లోపలున్న ఒక రింగు. ఆ రింగును తిప్పేది టర్బో పక్కన బయటికి కనిపించే లివరు. లివరును లాగేది రాడ్. రాడ్‌ను లాగేది గుండ్రటి రేకు డబ్బా. డబ్బాలో రబ్బరు డయాఫ్రం, దాని వెనక గట్టి స్ప్రింగు ఉంటాయి. ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్) సొలనాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ద్వారా ఎంత వ్యాక్యూమ్ ఇస్తే రాడ్ అంత లోపలికి వెళ్తుంది. చాలా బండ్లలో రాడ్ లోపలికి వెళ్తే రెక్కలు మూసుకుంటాయి, వ్యాక్యూమ్ పోతే స్ప్రింగు నెట్టేసి రెక్కలు తెరుచుకుంటాయి.

లక్షణం చూసి ఏ వైపు పట్టేసిందో చెప్పొచ్చు

రెక్కలు మూసుకున్న వైపు పట్టేస్తే, సిటీలో బండి చక్కగా ఉన్నట్టే అనిపిస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో పికప్ బాగుంటుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేయబోయినప్పుడో, ఘాట్‌లో బరువుతో ఎక్కుతున్నప్పుడో బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, హద్దు దాటుతుంది. ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ శక్తిని తగ్గించేసే లింప్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. మొదట్లో చెప్పిన వరస ఇదే. స్కానర్‌లో పి0234 కోడ్ కనిపిస్తుంది, అంటే ఓవర్‌బూస్ట్.

తెరుచుకున్న వైపు పట్టేస్తే కథ తిరగబడుతుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి ఈడ్చుకుంటూ వెళ్తుంది, తొక్కితే నల్లపొగ వదులుతుంది, 2,000 ఆర్‌పీఎం దాటాక ఎలాగో కోలుకుంటుంది. అప్పుడొచ్చే కోడ్ పి0299, అండర్‌బూస్ట్. మధ్యలో పట్టేస్తే రెండు లక్షణాలూ కాసేపు ఇది, కాసేపు అది అన్నట్టు వస్తాయి. చూసేవాళ్లను బాగా తికమక పెట్టేది ఇదే.

పి0299 రాగానే యాక్చువేటరే అనుకోకండి. ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లార్చేది) పైపు చిరిగినా, క్లిప్పు వదులైనా అదే కోడ్ వస్తుంది. బానెట్ తెరిచి పైపులన్నీ చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా కొత్తగా ఆయిల్ చెమ్మ, ఇంజిన్ రేస్ చేస్తే బుస్సుమనే శబ్దం ఉంటే ముందు అది సరిచేయండి. సన్నటి వ్యాక్యూమ్ పైపులను మొదటి నుంచి చివరిదాకా చూడండి. మన దగ్గర వీటిని ఎలుకలు కొరకడం మామూలే. ఎండకు, ఇంజిన్ వేడికి పగిలిపోవడం కూడా ఎక్కువే. పగుళ్లు తరచుగా చివర్లలో, పైపు ఎక్కించే చోట ఉంటాయి.

ఇంకో చిన్న గుర్తు: బ్రేక్ పెడల్ కూడా గట్టిగా అయిందా? బ్రేక్ బూస్టర్‌కూ టర్బో యాక్చువేటర్‌కూ వ్యాక్యూమ్ ఇచ్చేది ఒకే పంపు. రెండూ ఒకేసారి మొరాయిస్తే పంపునో, దాని పెద్ద పైపునో అనుమానించాలి. అలాంటి బండిని ముందుగా బ్రేకుల కోసం చూపించండి, టర్బో సంగతి తర్వాత.

ఈసీయూలోని అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ పరికరం, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) అంకె చూడొచ్చు. ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్ చేస్తే అది చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని చూపాలి. విశాఖలో సుమారు 101 కేపీఏ (కిలోపాస్కల్), సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో సుమారు 95. ఆ అంకే తప్పుగా ఉంటే సెన్సర్ లోపం, యాక్చువేటర్ జోలికి వెళ్లొద్దు. లోడ్‌లో గట్టిగా తొక్కినప్పుడు అది 200 చుట్టుపక్కలకో, ఇంకా పైకో వెళ్తుంది. బూస్ట్ ఎంత కావాలని ఈసీయూ అడిగింది, ఎంత వచ్చింది అనే రెండు అంకెలూ మీ యాప్ చూపగలిగితే ఇంకా మంచిది.

సిద్ధం చేసుకోవాల్సినవి

8, 10, 12 సైజు పానాలు, సాకెట్ సెట్టు, సన్నటి నోస్ ప్లయర్, టార్చి, చిన్న అద్దం, వైరు బ్రష్, చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు. తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ ఒక డబ్బా, సన్నటి గొట్టం ఉన్నది. నికెల్ లేదా రాగి యాంటీ-సీజ్ పేస్టు (వేడికి లోహాలు పట్టేయకుండా పూసేది) చిన్న ట్యూబు. గేజ్ ఉన్న చేతి వ్యాక్యూమ్ పంపు దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. ఇది ఏసీ మెకానిక్కుల మోటారు పంపు కాదు, పిస్తోలులా పట్టుకుని నొక్కే చిన్న పంపు. అది లేకపోతే 60 ఎంఎల్ సిరంజితో రాడ్ కదులుతుందో లేదో కొంతవరకు చూడొచ్చు, కానీ అంకె తెలియదు. నోటితో పీల్చే పని మాత్రం చేయకండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. నడిచేటప్పుడు టర్బైన్ వైపు పొగ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆపిన గంట తర్వాత కూడా ఆ ఇనుము చేతిని కాల్చగలదు. పెనిట్రేటింగ్ స్ప్రేలన్నీ మంట అంటుకునేవే. ఎర్రగా కాగిన మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే గొట్టం) మీద కొడితే బానెట్ కింద నిప్పు లేస్తుంది. బ్రేక్ క్లీనర్ వాడాలనుకుంటే క్లోరిన్ లేనిదే తీసుకోండి. క్లోరిన్ ఉన్నది వేడి లోహం మీద పడితే విషవాయువు పుడుతుంది. బండి కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ మీద నమ్మకం పెట్టుకోకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

మొదటి పరీక్ష: రాడ్ కదులుతోందా?

ఎయిర్ ఫిల్టర్ నుంచి బయల్దేరే లావు పైపు వెంట వెళ్తే టర్బో దొరుకుతుంది. దానికి అతుక్కుని ఉన్న రేకు డబ్బా, దానికి ఎక్కిన సన్నటి పైపు, డబ్బాలోంచి వచ్చే రాడ్, రాడ్ చివర లివరు. ఇవన్నీ కంటికి కనపడేలా వేడి రేకు కవరు ఉంటే తీసేయండి. ఆ రేకు కవరు బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. అవి విరిగితే పని రెండింతలవుతుంది, కాబట్టి వాటికీ ముందు రోజే స్ప్రే కొట్టి ఉంచండి.

ఇంట్లో ఎవరినైనా స్టార్ట్ చేయమని, మీరు రాడ్ మీద కన్ను వేయండి. స్టార్ట్ కాగానే రాడ్ డబ్బాలోకి లాక్కోవాలి. కొన్ని బండ్లలో కాస్త రేస్ చేస్తేనే లాగుతుంది. ఇంజిన్ ఆపగానే రాడ్ మెల్లగా వెనక్కి రావాలి. మొత్తం కదలిక బండిని బట్టి మారుతుంది, సుమారు ఒక సెంటీమీటరు అనుకోండి. కుదుపులు లేకుండా, ఆగి ఆగి కాకుండా జారాలి. వదులు బట్టలు, వేలాడే తొడుగులు ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉంచుకోండి.

రాడ్ కదిలి వెనక్కి వస్తే యాక్చువేటర్ పట్టేయలేదు. గొడవ ఇంకెక్కడో ఉంది. అసలు కదలకపోయినా, సగంలో ఆగినా, వెళ్లి వెనక్కి రాకపోయినా తర్వాతి పరీక్షకు వెళ్లండి.

రెండో పరీక్ష: రాడ్‌ను లివరు నుంచి విడదీయడం

మొత్తం పనిలో ఎక్కువ తెలిసేది ఇక్కడే, అయినా చాలామంది వదిలేసేదీ ఇదే. ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. రాడ్ చివర లివరు పిన్నుకు చిన్న క్లిప్పు ఉంటుంది. అది ఎగిరి ఇంజిన్ సందులో పడితే దొరకదు. కింద గుడ్డ పరిచి, ఒక వేలు అడ్డం పెట్టి నోస్ ప్లయర్‌తో లాగండి. క్లిప్పు తీశాక రాడ్ పిన్ను మీద నుంచి జారి రావాలి. రాకపోతే డబ్బాను పట్టుకున్న బ్రాకెట్ నట్లు రెండు విప్పితే సందు దొరుకుతుంది. నట్లు విప్పే ముందు డబ్బా ఏ స్థానంలో ఉందో పెయింటు మార్కరుతో గీత పెట్టండి, ఫోన్‌తో ఫొటో తీయండి.

రాడ్ మీద ఉన్న లాక్‌నట్టును ముట్టుకోకండి. లివరు ఆగే చోట ఉన్న స్టాప్ స్క్రూను కూడా ముట్టుకోకండి. రాడ్ పొడవు, ఆ స్క్రూ స్థానం కంపెనీలో యంత్రం మీద సరిచూసి సీలు వేసినవి. అందాజుగా ఒక చుట్టు తిప్పితే కోడ్ పోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. బూస్ట్ లెక్క మొత్తం తప్పుతుంది, ఆ తర్వాత అసలు లోపం ఎప్పటికీ దొరకదు.

ఇప్పుడు లివరును రెండు వేళ్లతో కదపండి. బాగున్న లివరు ఈ చివర నుంచి ఆ చివరకు నునుపుగా వెళ్లి, రెండు వైపులా టక్కుమని ఆగుతుంది. ఇక్కడ నాలుగు రకాల జవాబులు వస్తాయి.

లివరు స్వేచ్ఛగా తిరుగుతోంది, అయినా రాడ్ కదలలేదు: లోపం డబ్బాదో, పైపుదో, సొలనాయిడ్‌దో.

లివరు అసలు కదలదు: బయటి పిన్ను తుప్పుపట్టిందని ముందుగా అనుమానించండి. ముఖ్యంగా చాలా రోజులు నిలిపి ఉంచిన బండి, కాకినాడ, విశాఖల్లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలోని బండి అయితే.

లివరు కొంత దూరం వెళ్లి మెత్తగా, ఇసుకలో ఇరుక్కున్నట్టు ఆగుతోంది: లోపల రెక్కల్లో మసి.

లివరు తిరుగుతుంది కానీ పైకీ కిందికీ లొటలొట ఊగుతోంది: పిన్నూ బుష్షూ అరిగాయి. దీనికి నూనె మందు లేదు, టర్బో రిపేరు చేసేవాళ్ల దగ్గరకు వెళ్లాల్సిందే.

పనిలో పనిగా గాలి వచ్చే పైపు విప్పి కంప్రెసర్ చక్రాన్ని కూడా చూడండి. వేలితో పట్టుకుని ఊపితే పక్కకు కొద్దిగా కదలడం మామూలే. హౌసింగ్‌ను తాకేంత ఊగితే, లేదా షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు తెలిస్తే, పైపులో ఆయిల్ మడుగు కట్టి ఉంటే, ఇక్కడితో ఆపండి. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే షాఫ్ట్ అది. దానికి ఈ పని చికిత్స కాదు.

బయటి పిన్ను పట్టేస్తే

వైరు బ్రష్‌తో పిన్ను చుట్టూ ఉన్న తుప్పు పొడి రాల్చండి. లివరు షాఫ్ట్ టర్బో హౌసింగ్‌లోకి వెళ్లే చోట సన్నటి గొట్టంతో పెనిట్రేటింగ్ ఆయిల్ రెండు మూడు చుక్కలు పడేలా కొట్టండి. డబ్బా సగం ఖాళీ చేయాల్సిన పని లేదు. అది సందులోకి పాకడానికి కావలసింది సమయం. పది నిమిషాలాగి మళ్లీ కొన్ని చుక్కలు వేయండి. వీలైతే సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా నానబెట్టండి.

పొద్దున లివరును చేత్తో కదపండి. కదలకపోతే చిన్న రింగ్ పానాను లివరుకు తగిలించి, కొద్దికొద్దిగా అటూ ఇటూ తోయండి. ఒకే వైపు బలంగా లాగొద్దు. వెంట్రుకవాసి కదిలినా గెలిచినట్టే. అక్కడ మళ్లీ రెండు చుక్కలు, మళ్లీ అటూ ఇటూ. ప్రతిసారీ కదలిక కాస్త పెరుగుతూ వస్తుంది. ఎర్రటి నీళ్లలాంటి తుప్పు బయటికి కారుతుంటే సరైన దారిలో ఉన్నట్టే, గుడ్డతో తుడిచేయండి. సుత్తితో కొట్టకండి, పొడవాటి పైపు తగిలించి బలం పెంచకండి. లివరు వెల్డింగు దగ్గర విరిగితే, లేదా లోపలి రింగు పిన్ను విరిగితే, ఇక నిజంగానే టర్బో మార్చాలి.

రాత్రంతా నానినా కదలకపోతే వేడి సాయం తీసుకోండి. రాడ్ తగిలించకుండానే, దాని చివర దేనికీ తగలకుండా కట్టి, వ్యాక్యూమ్ పైపు మూతికి మూత పెట్టి, ఇంజిన్‌ను ఐడిల్‌లో పది నిమిషాలు నడిపి ఆపండి. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ పక్కనే నిలబడండి. ముందు రోజు పడ్డ ఆయిల్ కొంత పొగగా లేస్తుంది, అందుకే మొదలుపెట్టే ముందే అదనంగా కారినదంతా తుడిచేయాలి. ఆపాక చేయి పెట్టగలిగేంత వరకు చల్లారనిచ్చి, అప్పుడు చుక్కలు వేయండి. వేడికి వ్యాకోచించిన సందు చల్లారుతూ ఆయిల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఇలా రెండు మూడు విడతలు చేస్తే మొండి పిన్నులు కూడా లొంగుతాయి.

లివరు వదిలాక తృప్తిపడి ఆపేయకండి. ఈ చివర నుంచి ఆ చివరకు కనీసం యాభై సార్లు తిప్పండి. మొదటి పది సార్లకూ చివరి పది సార్లకూ తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

మసి లోపల ఉంటే

ఇది సిటీలోనే తిరిగే బండ్ల జబ్బు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు, ట్రాఫిక్, ఎప్పుడూ 2,000 ఆర్‌పీఎం దాటని నడక. రెక్కలు ఎప్పుడూ ఒకే చోట ఉండిపోతాయి, వాటి చుట్టూ మసి పేరుకుంటుంది.

మసి కొద్దిగా ఉంటే, అంటే లివరు చాలావరకు తిరిగి ఒక్క చివర మాత్రమే ఆగుతుంటే, రోడ్డు మీదే వదిలే అవకాశం ఉంది. లివరును చేత్తో ఎంత దూరం వెళ్తే అంత దూరం పదే పదే తిప్పి మసిని వదులు చేయండి. తర్వాత అంతా బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ హైవే మీద మామూలుగా వేసే గేరు కన్నా ఒకటి తక్కువలో 3,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపండి. మధ్యమధ్యలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే రెక్కలు అటూ ఇటూ కదులుతాయి. వేగ పరిమితి దాటాల్సిన అవసరం లేదు. గేరు తక్కువ, ఆర్‌పీఎం ఎక్కువ, అంతే. ఇంజిన్ ఆయిల్ మట్టం తక్కువగా ఉన్న బండితో ఈ పని వద్దు.

టర్బో క్లీనర్ ఫోమ్‌ను ఎగ్జాస్ట్ వైపు నుంచి ఎక్కించే పద్ధతి ఉంది. టర్బో మీద అందుకు తగిన సెన్సర్ రంధ్రం చేతికి అందే బండ్లలో, డబ్బా మీద రాసినట్టు చేస్తే బాగానే పనిచేస్తుంది. కానీ ఏ క్లీనర్‌నైనా ఇంజిన్ నడుస్తుండగా గాలి పైపులోకి కొట్టడం మాత్రం చాలా ప్రమాదం. డీజిల్ ఇంజిన్ మండే ద్రవం దేన్నైనా ఇంధనంలా తాగేస్తుంది. ఆర్‌పీఎం తనంతట తానే పెరిగిపోతుంది, తాళం తీసినా ఆగదు.

లివరు సగం కూడా తిరగకపోతే టర్బో దించి, టర్బైన్ హౌసింగ్ విప్పి, రెక్కల వలయాన్ని శుభ్రం చేయడమే దారి. దించడం మీకు అలవాటైన పని కాకపోతే ఇక్కడ టర్బో పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి. మానిఫోల్డ్ స్టడ్లు విరగడం, ఆయిల్ పైపు వాషర్లు పాతవే వేయడం, ఆయిల్ దారిలో మసి పడటం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా బాగున్న టర్బో పాడవుతుంది. అప్పగించేటప్పుడు "రెక్కలు మసితో పట్టేశాయి, షాఫ్ట్ ఊగడం లేదు, శుభ్రం చేస్తే చాలు" అని మీరు పరీక్షించి చూసింది చెప్పండి. అప్పుడు మాట్లాడే తీరే మారుతుంది. కాస్టిక్ ఉన్న ఓవెన్ క్లీనర్‌లో టర్బోను ముంచుతామంటే ఒప్పుకోకండి, కంప్రెసర్ హౌసింగ్ అల్యూమినియం, అది తినేస్తుంది.

డబ్బా పరీక్ష

సన్నటి పైపు తీసి, డబ్బా మూతికి చేతి పంపు తగిలించండి. నెమ్మదిగా నొక్కుతూ రాడ్‌ను చూడండి. చాలా యాక్చువేటర్లలో గేజ్ 3 నుంచి 5 అంగుళాల పాదరసం చూపేసరికి రాడ్ కదలడం మొదలై, 18 చుట్టుపక్కల పూర్తిగా లోపలికి వెళ్తుంది. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇంకో అంకె ఉంటే అదే ప్రమాణం. పూర్తిగా లాగాక ఒక నిమిషం ఆగండి. ముల్లు పడిపోతుంటే డయాఫ్రం చిరిగింది. డబ్బా మార్చాలి, దానికి అతుకు లేదు. వ్యాక్యూమ్ నిలుస్తోంది కానీ రాడ్ కుదుపుగా కదులుతుంటే, రాడ్ డబ్బాలోంచి వచ్చే మూతి దగ్గర తుప్పు చూడండి. అక్కడ పెనిట్రేటింగ్ ఆయిల్ వద్దు, లోపలి రబ్బరు ఉబ్బుతుంది. పొడి బ్రష్, గుడ్డ చాలు. ఇంకా కుదుపు ఉంటే లోపల నీరు చేరి స్ప్రింగు తుప్పుపట్టి ఉంటుంది.

డబ్బా ఒక్కటే విడిగా దొరికే బండ్లున్నాయి, టర్బోతో కలిపే అమ్మే బండ్లూ ఉన్నాయి. విడిగా కొన్నది వేశాక రాడ్ పొడవును అందాజుగా పెట్టకూడదు, వ్యాక్యూమ్ గేజ్ చూస్తూ మాన్యువల్ అంకెకు సరిపెట్టాలి.

డబ్బా బాగుండి, ఇంజిన్ నడిచేటప్పుడు మాత్రం రాడ్ కదలకపోతే, డబ్బాకు వచ్చే పైపు చివర పంపు గేజ్ తగిలించి చూడండి. అక్కడ వ్యాక్యూమ్ రాకపోతే సొలనాయిడ్ వాల్వ్ వైపు వెళ్లండి. దాని గాలి రంధ్రానికి చిన్న ఫిల్టరు ఉండే బండ్లలో అది దుమ్ముతో మూసుకుపోతే వ్యాక్యూమ్ వెంటనే వదలదు. రాడ్ వెనక్కి రావడం ఆలస్యమై, ఓవర్‌బూస్ట్ కోడ్ వస్తుంది.

ఏ నూనె, ఎక్కడ

లివరు విడిపించేది ఒక నూనె, విడిపించాక నిలిపి ఉంచేది ఇంకొకటి. పెనిట్రేటింగ్ ఆయిల్ ఆ వేడికి కొద్ది రోజుల్లోనే ఆవిరైపోతుంది. డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే నెల తిరక్కుండానే మళ్లీ పట్టేయడానికి కారణం ఇదే. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ ఇంకా చెడ్డవి. అవి టర్బైన్ పక్కన మాడి గట్టి బొగ్గుగా మారి, పిన్నును తుప్పు కన్నా గట్టిగా పట్టేస్తాయి.

అక్కడ పనికొచ్చేది యాంటీ-సీజ్ పేస్టు. రాగిది 980 డిగ్రీల దాకా, నికెల్‌ది 1,300 డిగ్రీల దాకా తట్టుకునేవి దొరుకుతాయి, ట్యూబు మీద చూసి కొనండి. ముందు పెనిట్రేటింగ్ ఆయిల్‌ను, కరిగిన తుప్పును క్లోరిన్ లేని క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. పేస్టును అగ్గిపుల్ల కొనతో తీసుకుని పిన్ను అంచున సన్నగా రాసి, లివరును తిప్పుతూ లోపలికి పాకనివ్వండి. పైన కనిపించేలా మిగిలినదంతా తుడిచేయండి, లేకపోతే దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. రాడ్ చివర క్లిప్పు పిన్నుకూ ఇదే పేస్టు, ఇంతే పలచగా. లోపలి రెక్కలకు ఏదీ పూయకూడదు, అవి పొడిగానే తిరగాలి.

బిగించి చూడటం

రాడ్ తగిలించండి, క్లిప్పు వేయండి. పాత క్లిప్పు వదులైతే కొత్తది కొనండి, రాడ్ రోడ్డు మీద ఊడితే మళ్లీ మొదటికే వస్తారు. బ్రాకెట్‌ను మీరు గీసిన గీతకు సరిగ్గా కలిపి బిగించండి. 10 సైజు పానా పట్టే చిన్న నట్లకు మణికట్టు బలం చాలు. చేతి పంపుతో మరోసారి లాగి చూసి, పైపు ఎక్కించి, కోడ్లు చెరిపి, స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని నిమిషాలు టర్బో దగ్గర వాసన, తెల్లటి పొగ వస్తాయి. మిగిలిన స్ప్రే కాలడం అది, కాసేపటికి తగ్గాలి.

రోడ్డు పరీక్షకు ఇంకొకరిని తీసుకెళ్లండి, ఫోన్‌లో అంకెలు వాళ్లు చూస్తారు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి 3,500 దాకా వెళ్లండి. బూస్ట్ తడబడకుండా పెరిగి, ఒక చోట నిలబడాలి. ఇదే పరీక్ష ఒక ఎత్తు మీద చేయండి, ఫ్లైఓవర్ అయినా ఫర్వాలేదు. లింప్ మోడ్ రాకపోతే పని అయినట్టే. వారం తర్వాత కోడ్లు మరోసారి చదవండి.

వేస్ట్‌గేట్ అయితే, ఎలక్ట్రిక్ అయితే

వేస్ట్‌గేట్ టర్బోలో రాడ్‌ను గాలి ఒత్తిడి బయటికి నెడుతుంది. కాబట్టి పరీక్షకు గేజ్ ఉన్న సైకిల్ పంపు సరిపోతుంది. 20 పీఎస్ఐ దాటించకండి, డయాఫ్రం చిరుగుతుంది. పట్టేసేది దాదాపు ఎప్పుడూ బయటి పిన్నే, విడిపించే పద్ధతి పైన చెప్పినదే.

ఎలక్ట్రిక్ యాక్చువేటర్ లివరును, రాడ్ తగిలించి ఉండగా చేత్తో గానీ పానాతో గానీ తోయకండి, మోటారు గేర్ల పళ్లు పోతాయి. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, రాడ్ విడదీశాకే లివరును కదపండి. లివరు స్వేచ్ఛగా ఉంటే లోపం మోటారుదో, దాని కనెక్టర్‌దో. కనెక్టర్ పిన్నుల్లో ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడండి, వానాకాలంలో అది ఎక్కువ. మోటారు డబ్బాలోకి ఏ స్ప్రే కొట్టకండి. తిరిగి బిగించాక చాలా బండ్లకు స్కానర్‌తో లివరు రెండు చివరలనూ ఈసీయూకు నేర్పించాలి. ఆ ఒక్క పనికి సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా తప్పులేదు.

మళ్లీ పట్టేయకుండా

ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించేటప్పుడు టర్బో వైపు నీళ్లు కొట్టొద్దని చెప్పండి. కడిగాక బండిని అలాగే పార్క్ చేయకుండా పది కిలోమీటర్లు నడిపి వేడికి ఆరనివ్వండి. నెలల తరబడి నిలిపి ఉంచాల్సి వస్తే పది, పదిహేను రోజులకోసారైనా ఎవరితోనైనా రోడ్డు మీద తిప్పించండి, ఊరికే ఐడిల్‌లో వదిలితే మసి ఇంకా పెరుగుతుంది. సిటీ బండిని వారానికోసారి ఔటర్ మీదో, హైవే మీదో అరగంట గట్టిగా నడపండి. ఇంజిన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే వేయండి, గడువు దాటనివ్వకండి. ప్రతి సర్వీసులో బానెట్ తెరిచినప్పుడు, స్టార్ట్ చేస్తుండగా రాడ్ కదలికను ఒకసారి చూడమని మెకానిక్‌ను అడగండి. ముందు కన్నా నెమ్మదిగా వెనక్కి వస్తుంటే, కోడ్ రాకముందే పిన్నుకు మళ్లీ పేస్టు రాయించండి.